జవాబుల రిజిస్టర్: పోలీసులకీ కాలనీలకీ మధ్య పనిచేసే సంస్థ ప్రాజెక్టు డైరీ

ఏం చేతికొచ్చింది

ఈ సంస్థకి డైరెక్టర్‌గా బాధ్యత తీసుకున్నాను, ఇకనుంచి పని ఎలా సాగుతోందో ఇక్కడ రాస్తూ ఉంటాను. ఇలాంటి పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి పనికొస్తుందని ఒక కారణం. రేపు నా కుర్చీలో కూర్చునే మనిషికి ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో తెలియాలన్నది ఇంకో కారణం. సంస్థ చిన్నది. జీతం మీద పనిచేసేవాళ్ళు కొద్దిమంది, వాలంటీర్లు ఎక్కువ, పైన ఒక బోర్డు. కాలనీల్లో జనం భద్రత గురించి ఏం అడుగుతున్నారో పోలీసుల దగ్గరికి చేర్చడం, పోలీసులు ఏం చేయగలరో ఏం చేయలేరో జనానికి చెప్పడం, ఇద్దరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకునేలా చూడటం, ఇదీ మా పని.

ఫైళ్ళలో ఫొటోలు చాలా ఉన్నాయి. సమావేశాల మినిట్స్ కూడా శ్రద్ధగా రాశారు, ఎవరు ఏం అడిగారో వివరంగా ఉంది. కానీ ఆ అడిగినవాటికి చివరికి ఏమైందో చెప్పే కాగితం ఎంత వెతికినా దొరకలేదు. ఫలానా మూల దగ్గర వీధి దీపం వెలగడం లేదు, సాయంత్రమైతే కొందరు అక్కడ చేరి వచ్చేపోయే ఆడపిల్లల్ని ఏడిపిస్తున్నారు అని ఒకావిడ చెప్పింది, మినిట్స్‌లో ఉంది. తర్వాతి సమావేశంలో ఇంకొకరు అదే మాట చెప్పారు, అదీ ఉంది. ఆ తర్వాత ఆ మూల ఊసే లేదు. సమస్య తీరిపోయి ఎవరూ అడగలేదా, చెప్పి లాభం లేదనుకుని రావడమే మానేశారా? మా ఫీల్డ్ కోఆర్డినేటర్‌ని అడిగితే, ఆ ఇద్దరూ సమావేశాలకి రావడం మానేశారని చెప్పింది.

అందుకని కొత్త కార్యక్రమాలన్నీ పక్కన పెట్టి ఒక రిజిస్టర్ తెరిచాం. అడిగింది ఏమిటి, ఏ ప్రాంతం, ఎవరు చేయాల్సిన పని (పోలీసులదా, మునిసిపాలిటీదా, కరెంటు వాళ్ళదా, మాదా), బాధ్యత తీసుకున్న అధికారి హోదా ఏమిటి, ఎప్పటిలోగా, ఏమైంది, ఆ సంగతి అడిగినవాళ్ళకి తిరిగి చెప్పామా లేదా. చివరి గడి నిండనిదే ఏ వరసా మూసినట్టు కాదని నియమం పెట్టుకున్నాం. "కుదరదు, ఎందుకంటే ఇదీ కారణం" అని చెప్పినా సరే, అది జవాబే. అడిగినవాళ్ళ పేర్లు మాత్రం ఇందులో రాయం. వాళ్ళకి తిరిగి ఫోన్ చేయడానికి కావాల్సిన వివరాలు కోఆర్డినేటర్ దగ్గర విడిగా, తాళంలో ఉంటాయి. పోలీసులు ఈ రిజిస్టర్ చూడొచ్చు, ఆ రెండో పుస్తకం చూడటానికి లేదు.

ఇదే ఎందుకు మొదట

బోర్డులో ఒకరు ఇదే అడిగారు. ఇంత పెద్ద పేరున్న పనికి రిజిస్టర్‌తో మొదలేంటండీ, పెద్దగా కనిపించేది ఏదైనా చేద్దాం కదా అన్నారు. నేను వాళ్ళ ముందు పెట్టింది 2021 నవంబర్‌లో 'సైన్స్' అనే పరిశోధన పత్రికలో వచ్చిన ఆరు దేశాల అధ్యయనం. బ్రెజిల్, కొలంబియా, లైబీరియా, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్, ఉగాండా. ఒక్కో దేశంలో కొన్ని ప్రాంతాల్లో కమ్యూనిటీ పోలీసింగ్ (పోలీసులు అక్కడి జనంతో కలిసి పనిచేసే పద్ధతి) పెట్టి, కొన్ని చోట్ల పెట్టకుండా పోల్చి చూశారు. సమావేశాలు జరిగాయి, అధికారులు కాలినడకన తిరిగారు, జనానికి చెప్పుకునే వేదిక దొరికింది. అయినా పోలీసుల మీద నమ్మకం చెప్పుకోదగినంతగా పెరగలేదు, నేరాలూ తగ్గలేదు. పరిశోధకులు చూపించిన అడ్డంకులు మూడు: పోలీసు పెద్దలు దీన్ని ముఖ్యమైన పనిగా చూడకపోవడం, అధికారులు తరచూ బదిలీ కావడం, జనం చెప్పినదాని మీద కదలడానికి కింది సిబ్బందికి వనరులు లేకపోవడం.

ఈ మూడోది చదివినప్పుడు నాకు మా మినిట్స్ గుర్తొచ్చాయి. జనాన్ని పిలిచి, కూర్చోబెట్టి, చెప్పమని అడిగి, విన్నాక ఏమీ జరగకపోతే అసలు అడగనప్పటికంటే అన్యాయం. అంతకుముందు పోలీసులకి తెలియదేమో అనుకునేవాళ్ళు, ఇప్పుడు తెలిసి కూడా చేయలేదని అనుకుంటారు. ఆ అనుమానం మా సంస్థ చేతులమీదుగా పుడుతుంది. ఈ సంస్థని నడిపేవాళ్ళు ఎవరైనా సరే ముందు చూసుకోవాల్సింది ఇదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎంతమంది వచ్చారన్నది తర్వాత చూసుకోవచ్చు.

బోర్డు ఒప్పుకుంది. అందరూ మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారని అనను. ఒక ఏడాది చూద్దాం అన్నారు, సరే అన్నాను.

బోర్డు, డబ్బు

దీని మీద ఎక్కువ రాస్తాను. మిగతా సంస్థల్లో బోర్డు కూర్పు లాంఛనంగా జరిగిపోయినా నడుస్తుందేమో గానీ పోలీసులతో కలిసి పనిచేసే సంస్థలో అక్కడే అన్నీ తేలిపోతాయి.

మా పాత నిబంధనల ప్రకారం స్థానిక పోలీసు అధికారి హోదారీత్యా బోర్డులో ఓటున్న సభ్యుడు. మార్చాం. ఇప్పుడు అధికారి ఆహ్వానితుడు, మాట్లాడొచ్చు, ఓటు లేదు, డబ్బు మీదా డైరెక్టర్ పనితీరు మీదా చర్చ జరిగేటప్పుడు బయట ఉంటారు. ఆయనకి ఇది కష్టంగా అనిపిస్తుందేమోనని కొందరు వెనకాడారు. నేరుగా వెళ్ళి చెప్పాను. "ఓటు లేకపోతే నాకూ సుఖమేనండీ, రేపు మీ లెక్కల్లో ఏదైనా తేడా వస్తే నా పేరు ఉండదు" అన్నారు. ఇంకో మార్పు, పోలీసుల మీద ఎప్పుడైనా ఫిర్యాదు చేసిన అనుభవం ఉన్న కుటుంబాల నుంచి కనీసం ఒకరు బోర్డులో ఉండాలి. దీనికి నాలుగు వారాల చర్చ పట్టినా ఫర్వాలేదని పట్టుబట్టాను, చివరికి అంత అవసరం కాలేదు, ఒక స్కూల్ టీచర్ ముందుకొచ్చారు, ఆవిడ తమ్ముడి విషయంలో ఒకప్పుడు ఫిర్యాదు చేశారు. ఇప్పుడు బోర్డులో అందరికంటే నిదానంగా మాట్లాడేది ఆవిడే, ఆవిడ మాట్లాడితే అందరూ ఆగి వింటారు.

డబ్బు దగ్గరికొస్తే, దాతలు ఇచ్చేదాన్ని రెండు రకాలుగా విడగొట్టాం. సమావేశాలు, శిక్షణ, సర్వేలు, యువతతో పని, వీటికి తీసుకుంటాం. పోలీసులకి పరికరాలు కొనిపెట్టడానికి, ముఖ్యంగా కెమెరాలూ నిఘా సాఫ్ట్‌వేర్ లాంటివాటికి, మా ఖాతా గుండా ఒక్క పైసా వెళ్ళదు. ఈ నియమం వెనక అమెరికాలోని బాల్టిమోర్ నగరం సంగతి ఉంది. 2016లో ఆ నగరం మీద చిన్న విమానంలో కెమెరాలు పెట్టి తిప్పారు, నగరంలో పెద్ద భాగాన్ని ఒకేసారి పట్టే కెమెరాలు. డబ్బు ప్రైవేటు దాతలది, ఒక సేవా ఫౌండేషన్ గుండా వచ్చింది, ప్రభుత్వ బడ్జెట్‌లో చర్చకి రాలేదు కాబట్టి నెలల తరబడి జనానికి తెలియనే తెలియలేదు, ఆగస్టులో పత్రికలో వచ్చాకే బయటపడింది. 2020లో ఆ కార్యక్రమాన్ని మళ్ళీ ఇంకో రూపంలో మొదలుపెడితే, 2021లో ఫెడరల్ అప్పీల్ కోర్టు అది అకారణ సోదాల నుంచి జనాన్ని కాపాడే రాజ్యాంగం నాలుగో సవరణకి విరుద్ధమని చెప్పింది. డబ్బు ఇచ్చినవాళ్ళ ఉద్దేశం మంచిదే అయి ఉండొచ్చు. కానీ పోలీసులకి ఏ శక్తి ఉండాలో తేల్చాల్సింది జనం ఎన్నుకున్నవాళ్ళు, బహిరంగంగా. ఒక సేవా సంస్థ బ్యాంకు ఖాతా దానికి పక్కదారి కాకూడదు.

బయటి డబ్బు మంచి పనికి వాడిన ఉదాహరణ కూడా ఉంది. అమెరికాలో 1970లో ఫోర్డ్ ఫౌండేషన్ మూడు కోట్ల డాలర్లతో పోలీస్ ఫౌండేషన్ అనే సంస్థని నిలబెట్టింది. వాళ్ళు కాన్సాస్ సిటీలో 1972-73లో పదిహేను బీట్లని (పోలీసులు గస్తీ కోసం పంచుకున్న ప్రాంతాలు) మూడు గుంపులుగా చేసి, ఒక గుంపులో మామూలు గస్తీ, ఒకదానిలో రెండు మూడింతలు, ఒకదానిలో పిలిస్తేనే వెళ్ళడం, ఇలా ఏడాదిపాటు నడిపి చూశారు. నేరాల్లో గానీ జనం భయంలో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కారులో ఊరికే తిరిగితే నేరం తగ్గుతుందని అప్పటిదాకా అందరూ నమ్మినదాన్ని ఒక లాభాపేక్ష లేని సంస్థ, పోలీసు శాఖ పూర్తి సహకారంతోనే, ప్రశ్నించగలిగింది. ఇద్దరూ పక్కపక్కనే ఉండి కూడా ఇబ్బందికరమైన ఫలితాన్ని అచ్చువేశారు. మేం ఉండాల్సిన దూరం అదే.

ఒప్పందం, వాలంటీర్లు

పోలీసు శాఖతో రాతపూర్వక ఒప్పందం కుదిరింది. పాతది ఒక అధికారి పేరు మీద ఉంది, ఆయన వెళ్ళిపోయాక దానికి విలువ లేకుండా పోయింది. కొత్తది హోదా మీద ఉంది. మేం అడిగినవి కొన్నే: ప్రతి నెల సమావేశానికి ఆ ప్రాంతం చూసే అధికారే రావాలి, ఎవరో ఒకరిని పంపితే కుదరదు. రిజిస్టర్‌లో పోలీసు వరసలకి నిర్ణీత గడువులో జవాబు రావాలి. ప్రాంతాలవారీగా నేరాల లెక్కలు, పేర్లు లేకుండా, ఇవ్వాలి.

వాళ్ళు అడిగినవాటిలో ఒకటి కాదన్నాం. సమావేశాల్లో ఎవరు ఏం చెప్పారో పేర్లతో కావాలన్నారు. నేరం గురించి సమాచారం ఉంటే ఇవ్వడానికి వేరే దారి ఉండాలి, సమావేశం అందుకు వాడకూడదు. ఈ విషయంలో క్రైమ్ స్టాపర్స్ అనే కార్యక్రమం కట్టిన పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. 1976లో అమెరికాలోని ఆల్బుకర్కీలో గ్రెగ్ మకలీస్ అనే డిటెక్టివ్ మొదలుపెట్టింది. సమాచారం ఇచ్చే మనిషి పేరు చెప్పనక్కర్లేదు, ఒక నంబర్ ఇస్తారు. బహుమతి ఇవ్వాలా వద్దా అన్నది పౌరుల బోర్డు తేలుస్తుంది, డబ్బు కూడగట్టేదీ వాళ్ళే, ఆ మనిషి ఎవరో వాళ్ళకీ తెలియదు. దర్యాప్తు పోలీసులది. ఎవరి గీత ఎక్కడుందో ముందే గీసేశారు. మా కాలనీల్లో అలాంటి లైన్ ఉన్నచోట జనానికి ఆ నంబర్ ఇస్తాం, మా చేతుల్లోకి మాత్రం తీసుకోం.

వాలంటీర్ల సంగతి ఒప్పందంలో అన్నిటికంటే కఠినంగా రాయించాను. మా వాలంటీర్ ఎవరినీ ఆపకూడదు, సోదా చేయకూడదు, చేతిలో కర్ర ఉండకూడదు, యూనిఫాంలా కనిపించే బట్టలు వేసుకోకూడదు, స్టేషన్లో విచారణ జరిగే గదిలోకి అడుగు పెట్టకూడదు. తమిళనాడులో 1993 నుంచి ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్ పేరుతో పౌర వాలంటీర్ల వ్యవస్థ నడిచింది, మంచి ఉద్దేశంతో మొదలైంది. 2020లో సాత్తాన్‌కుళంలో తండ్రీకొడుకుల కస్టడీ మరణాల తర్వాత ఆ వాలంటీర్ల మీద కూడా ఆరోపణలొచ్చాయి. సంస్థ వాటిని ఖండించింది, అయినా ఆ జూలైలోనే ప్రభుత్వం ఆ వ్యవస్థని నిషేధించింది. ఆరోపణ నిజమా కాదా అన్నది పక్కన పెడితే, వాలంటీర్ ఎక్కడ ఉండొచ్చు ఎక్కడ ఉండకూడదు అన్నది ముందే రాసి లేకపోతే ఏళ్ళ కష్టం ఒక్క వారంలో పోతుంది. ఇద్దరు ముగ్గురు పాత వాలంటీర్లు ఈ నియమాలు నచ్చక మానేశారు. రాత్రిపూట పోలీసు బండిలో తిరగడమే వాళ్ళకి ఇందులో ఇష్టమైన భాగం. వెళ్ళనిచ్చాం.

సమావేశాలు మారాయి

షికాగోలో 1993లో ఐదు పోలీసు డిస్ట్రిక్టుల్లో మొదలై తర్వాత నగరమంతా పాకిన క్యాప్స్ అనే కమ్యూనిటీ పోలీసింగ్ కార్యక్రమంలో బీట్‌కొక సమావేశం జరిగేది. వెస్లీ స్కోగన్ అనే ప్రొఫెసర్ బృందం దాన్ని ఏళ్ళ తరబడి చూసి రాసింది. అందులో రెండు సంగతులు మాకు నేరుగా పనికొచ్చాయి. ఒకటి, అక్కడ నగర సేవల్ని పోలీసు పనికి జతచేశారు, వదిలేసిన కార్లు, వీధి దీపాలు, పాడుబడ్డ ఇళ్ళు లాంటి ఫిర్యాదులకి బీట్ అధికారి కాగితం రాస్తే ప్రాధాన్యం దొరికేది. రెండోది, సమావేశాలకి వచ్చేవాళ్ళలో సొంత ఇళ్ళున్నవాళ్ళూ వయసు మళ్ళినవాళ్ళూ ఎక్కువ, కొత్తగా వలస వచ్చినవాళ్ళు తక్కువ.

మా హాజరు చూస్తే అచ్చం అదే కనిపించింది. అద్దెకుండేవాళ్ళు లేరు, కుర్రాళ్ళు లేరు, రాత్రి షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళు లేరు. సమావేశంలో ఎవరి గురించి ఎక్కువ ఫిర్యాదులు వస్తున్నాయో చూస్తే, సరిగ్గా రాని ఆ కుర్రాళ్ళ గురించే. అందుకే ఇప్పుడు ఒక నెల హాల్లో, ఒక నెల కుర్రాళ్ళు ఆడుకునే మైదానం దగ్గర పెడుతున్నాం. అధికారుల కుర్చీలు స్టేజీ మీద వేయడం మానేశాం, అందరం గుండ్రంగా కూర్చుంటున్నాం. సమావేశం మొదలవగానే మొట్టమొదట పోయిన నెల రిజిస్టర్ చదువుతాం. ఏది అయింది, ఏది కాలేదు, ఎందుకు కాలేదు. ఉపన్యాసాలకి టైం మిగలడం లేదు, ఎవరూ అడగడమూ లేదు.

ఇంట్లో కొడుతున్నారని చెప్పుకోవాల్సిన మనిషి అందరి ముందూ చెప్పలేదు, చెప్పమని అడగకూడదు కూడా. పొరుగింటివాళ్ళు, ఒక్కోసారి కొట్టేవాడు కూడా, అదే గుండ్రంలో ఉంటారు. దానికోసం సమావేశం రోజున పక్క గదిలో ఒక మహిళా కౌన్సెలర్ని కూర్చోబెడుతున్నాం. ఆ గదిలోకి ఎవరు వెళ్ళారో ఎవరూ పట్టించుకోకుండా ఉండాలని బ్లడ్‌ప్రెషర్ చూసే టేబుల్, ఫారాలు నింపిపెట్టే టేబుల్ కూడా అక్కడే పెట్టాం. ఈ ఆలోచన మా కోఆర్డినేటర్‌ది.

ఇక ఆ దీపం లేని మూల. హెర్మన్ గోల్డ్‌స్టీన్ 1979లో ఒక వ్యాసంలో చెప్పింది ఏమిటంటే, పోలీసులు ఒక్కో సంఘటన వెంట పరిగెత్తడం కాకుండా ఆ సంఘటనలన్నిటి వెనక ఉన్న సమస్యని చూడాలని. తర్వాత అమెరికాలోనే న్యూపోర్ట్ న్యూస్ అనే ఊళ్ళో దాన్ని నాలుగు మెట్లుగా అమలుచేశారు: గుర్తించడం, లోతుగా చూడటం, ఏదైనా చేయడం, చేశాక ఫలితం వచ్చిందా అని తిరిగి చూడటం. మేం అదే పట్టుకున్నాం. అక్కడ చేరేవాళ్ళు ఎవరు, ఏ టైంలో, ఎందుకు అక్కడే అని మా వాలంటీర్లు, బీట్ కానిస్టేబుల్ కలిసి కొన్ని సాయంత్రాలు చూశారు. దీపం వెలగకపోవడం ఒక కారణం. మూసేసిన షెడ్డు ముందు అరుగు ఉంది, కూర్చోడానికి వీలుగా. ఆ టైంలోనే ట్యూషన్ల నుంచి ఆడపిల్లలు ఆ దారిన వస్తారు. కూర్చునేవాళ్ళలో ఏడిపించేది ఇద్దరే, మిగతావాళ్ళు వేరే చోటు లేక వచ్చినవాళ్ళు. దీపం వేయించాం (మునిసిపాలిటీ వరస, చాలా ఫోన్లు చేయాల్సి వచ్చింది). ట్యూషన్ వదిలే టైంకి కానిస్టేబుల్ నడిచి వస్తున్నారు. ఆ ఇద్దరి ఇళ్ళకి అధికారి వెళ్ళి పెద్దవాళ్ళ ముందు మాట్లాడారు. మైదానంలో ఒక లైటు సాయంత్రం ఇంకొంచెంసేపు ఉంచేలా ఒప్పించాం. ఫలితం ఏమిటో ఆ దారిన నడిచే పిల్లల్నే అడిగాం. ఇప్పుడు చుట్టుతిరిగి వెళ్ళడం లేదని చెప్పారు. అప్పట్లో సమావేశాలు మానేసిన ఆ ఇద్దరికీ కోఆర్డినేటర్ స్వయంగా ఫోన్ చేసి చెప్పింది. ఒకరు మళ్ళీ వస్తున్నారు. ఇంకొకరు థాంక్స్ చెప్పి ఊరుకున్నారు.

శిక్షణ గురించి చిన్న నోట్

జనంతో మర్యాదగా మాట్లాడటం మీద కానిస్టేబుళ్ళకి క్లాసులు పెట్టమని ఒక దాత అడిగారు. ఆలోచన బలమైనదే. టామ్ టైలర్ లాంటి పరిశోధకులు చెప్పేది ఏమిటంటే, తీర్పు తమకి అనుకూలంగా వచ్చిందా లేదా అన్నదానికంటే తమ మాట విన్నారా, పక్షపాతం లేకుండా చూశారా, గౌరవం ఇచ్చారా అన్నదాన్ని బట్టే జనం పోలీసుల్ని నమ్ముతారని. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్‌లో తాగి నడిపేవాళ్ళని పట్టే చెకింగ్‌లో డ్రైవర్లతో ఈ పద్ధతిలో మాట్లాడి చూస్తే అభిప్రాయం మెరుగైంది. అదే ప్రయోగాన్ని స్కాట్లాండ్‌లో చేస్తే మెరుగవలేదు, కొన్ని కొలతల్లో తగ్గింది కూడా. అక్కడ అప్పుడు పోలీసు వ్యవస్థలోనే పెద్ద మార్పులు జరుగుతున్నాయి, పైవాళ్ళు తమ మాట వినకుండా పనులు నెత్తిన రుద్దుతున్నారని సిబ్బంది అనుకున్నారని పరిశోధకులు రాశారు. అందుకే మేం క్లాసుల కంటే ముందు కానిస్టేబుళ్ళతో ఒక సమావేశం పెట్టాం, వాళ్ళ కష్టాలు వినడానికి. డ్యూటీ గంటలు, సెలవులు, జనం ముందు ఎదురయ్యే అవమానాలు. వాటికి కూడా రిజిస్టర్‌లో వేరే పేజీ ఉంది. అందులో మేం చేయగలిగింది తక్కువ, పై అధికారులకి చేర్చడమే.

బదిలీ

ఓటు లేకపోతే సుఖమన్న ఇన్‌స్పెక్టర్ గారు బదిలీ అయ్యారు. బాధగా ఉంది, అయినా పని ఆగలేదు. వెళ్ళేముందు రిజిస్టర్‌లో మూయని వరసలన్నిటి మీదా ఆయన చేతే ఒక నోట్ రాయించుకున్నాం. కొత్తగా వచ్చిన ఆయనకి మొదటి రోజే ఒప్పందం, రిజిస్టర్, ఆ నోట్ ఇచ్చాం.

గట్టిగా ఊపిన వారం

కొట్లాట కేసులో ఒక కుర్రాణ్ణి రాత్రి స్టేషన్‌కి తీసుకెళ్ళారు. పొద్దున ఇంటికి పంపినప్పుడు ఒంటి మీద దెబ్బలున్నాయి. స్టేషన్లో కొట్టారని కుటుంబం, కొట్లాటలో తగిలినవని స్టేషన్. మధ్యాహ్నానికి వీడియో అందరి ఫోన్లలోకీ వెళ్ళింది, సాయంత్రానికి స్టేషన్ ముందు జనం చేరారు.

స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. పోలీసులకీ కాలనీలకీ మంచి సంబంధాలున్నాయి, పుకార్లు నమ్మొద్దు అని మా సంస్థ పేరు మీద ఒక ప్రకటన కావాలన్నారు. అదే టైంలో కాలనీ నుంచి ఫోన్లు: మీరు వాళ్ళ మనుషులేగా, ఇప్పుడు ఎక్కడున్నారు? బోర్డు సభ్యుల్లో ఒకరు మౌనంగా ఉండటమే మంచిదన్నారు, ఇంకొకరు పోలీసుల్ని ఖండించాలన్నారు. నిజంగా చాలా టెన్షన్ పడ్డ రాత్రి అది. ఇలాంటి సంస్థని నడిపే మనిషికి జీతం ఇచ్చేది ఇలాంటి రాత్రి కోసమేనని నాకు అనిపించింది, మామూలు రోజుల్లో పని ఎవరైనా చేస్తారు.

స్టేషన్‌లో ఏం జరిగిందో మాకు తెలియదు. తెలియనిదాన్ని ఇటు గానీ అటు గానీ చెప్పే హక్కు లేదు. కానీ తెలిసినవి కొన్ని ఉన్నాయి, అవి చెప్పాం. ఫిర్యాదు వచ్చింది, స్వతంత్ర విచారణ జరగాలని కోరుతున్నాం, ఆ రాత్రి సీసీటీవీ రికార్డు చెరిగిపోకుండా భద్రపరచమని రాతపూర్వకంగా అడిగాం, వైద్య పరీక్ష ఎక్కడ చేయించుకోవాలో ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో కుటుంబానికి చెప్పాం, చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే నేరుగా విచారణ జరిపేవాళ్ళ దగ్గరికే వెళ్ళండి. అంతే. ప్రకటన బయటికి పంపేముందు కొత్త ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేసి మొత్తం చదివి వినిపించాను. ఆయనకి కోపం వచ్చింది. "మేం మీ సమావేశాలకి వస్తున్నాం, మీరడిగినవన్నీ చేస్తున్నాం, మీ నుంచి మాకు దక్కేది ఇదాండీ?" అన్నారు. "మీకు తెలియకుండా పత్రికల్లో చదువుకోకూడదని ముందే చెప్తున్నానండీ. మీవాళ్ళు కొట్టలేదని తేలితే అది కూడా ఇంతే స్పష్టంగా మేమే చెప్తాం" అన్నాను. ఫోన్ పెట్టేశారు.

ఆ నెల సమావేశం రద్దు చేయమని చాలామంది సలహా ఇచ్చారు. చేయలేదు. బోర్డు అధ్యక్షురాలు, ఆ టీచర్ గారు, ఇద్దరూ నా పక్కన నిలబడ్డారు. హాలు నిండిపోయింది. ఇన్‌స్పెక్టర్ వస్తారో రారో చివరిదాకా తెలియదు. వచ్చారు. విచారణలో ఉన్నదాని గురించి మాట్లాడలేనని చెప్పారు, జనం అరిచారు, కాసేపు ఏమీ వినపడలేదు. అప్పుడు ఆ కుర్రాడి తల్లి లేచి ఒక్కటే అడిగింది. "కొట్టారో లేదో విచారణలో తేలుతుందన్నారు, తేలనివ్వండి. మావాణ్ణి తీసుకెళ్ళినట్టు రాత్రంతా మాకెందుకు చెప్పలేదు సార్? ఆస్పత్రులన్నీ తిరిగాం."

ఆ ప్రశ్న విచారణ పరిధిలోది కాదు. జవాబు చెప్పాల్సింది స్టేషనే. ఆయన కాసేపు ఆగి, చెప్పి ఉండాల్సింది, ఎందుకు చెప్పలేదో కనుక్కుని వచ్చే సమావేశంలో చెప్తాను అన్నారు. అందరి ముందూ రిజిస్టర్‌లో రాశాం, ఆయన హోదా, గడువు.

జవాబు గడువులోపే వచ్చింది. కుటుంబానికి ఫోన్ చేయాల్సిన బాధ్యత ఆ షిఫ్టులో ఎవరిదో స్పష్టంగా లేదని తేలింది. ఇప్పుడు ఎవరినైనా తీసుకొస్తే ఇంట్లోవాళ్ళకి ఎవరు, ఎన్నింటికి చెప్పారో రాసి సంతకం పెట్టాలని స్టేషన్లో కొత్త పద్ధతి పెట్టారు. ఆ తల్లికి ఈ సంగతి ఇన్‌స్పెక్టరే ఇంటికి వెళ్ళి చెప్పారు. ఆవిడ కూర్చోమని కూడా అనలేదట, కానీ విన్నదట. విచారణ ఇంకా నడుస్తోంది. ఆ ప్రకటన వెనక్కి తీసుకోమన్న ఒక దాత ఈ ఏడాది సాయం ఇంకా ఖరారు చేయలేదు. వాళ్ళ డబ్బు లేకుండా బడ్జెట్ ఎలా నడపాలో లెక్కవేసి బోర్డుకి ఇచ్చాను. యువత కార్యక్రమం కొంత తగ్గుతుంది, రిజిస్టర్ పనీ కౌన్సెలర్ గదీ తగ్గవు.

కొలవడం

ఏడాది చూద్దాం అన్న బోర్డుకి చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. నేరాల సంఖ్య ఒక్కటే చూపించనని ముందే చెప్పాను. మా సమావేశాల వల్ల ధైర్యం వచ్చి ఎక్కువమంది ఫిర్యాదు చేస్తే సంఖ్య పెరుగుతుంది, అది చెడ్డ సంకేతం కాదు. అమెరికాలోని నువార్క్‌లో 1978-79లో కాలినడక గస్తీని పరీక్షించినప్పుడు నమోదైన నేరాల్లో పెద్ద తేడా లేదు గానీ జనంలో భయం తగ్గింది, పోలీసుల మీద అభిప్రాయం మెరుగైంది. భయం తగ్గడం చిన్న సంగతి కాదు, ఎవరు సాయంత్రం బయటికి రాగలరో తేల్చేది అదే. కానీ భయం తగ్గిందని చూపించి నేరం తగ్గిందని చెప్పుకోకూడదు, రెండూ విడివిడిగా చెప్పాలి.

మేం చూసేవి: రిజిస్టర్‌లో జవాబు వెళ్ళిన వరసలు ఎన్ని, ఎంత ఆలస్యంగా, ఏ శాఖ దగ్గర ఆగుతున్నాయి. సమావేశానికి మొదటిసారి వచ్చినవాళ్ళు రెండోసారి వస్తున్నారా. ఇంటింటి సర్వేలో "మీకేదైనా జరిగితే పోలీసులకి చెప్తారా" అన్నదానికి జవాబు, అద్దెకుండేవాళ్ళకీ సొంత ఇంటివాళ్ళకీ విడిగా. సర్వే మా వాలంటీర్లు చేయరు, పోలీసులు అసలే చేయరు, ఒక కాలేజీ సోషల్ వర్క్ విద్యార్థులు చేస్తారు. ఫలితాలు ఎలా వచ్చినా అలాగే అచ్చువేస్తామని సర్వే మొదలవకముందే బోర్డుతో తీర్మానం చేయించాను.

ఇప్పుడు నడుస్తున్నవి

సర్వే ఫారం సిద్ధమైంది, ఒక ప్రశ్న మారుస్తున్నాం, కుర్రాళ్ళకి అర్థం కావడం లేదు. మునిసిపాలిటీ వరసలు అన్నిటికంటే ఎక్కువ ఆలస్యమవుతున్నాయి కాబట్టి వాళ్ళ ఇంజనీర్‌ని కూడా నెల సమావేశానికి రప్పించాలని ఉత్తరం రాశాం, జవాబు రాలేదు, వచ్చేవారం బోర్డు అధ్యక్షురాలూ నేనూ నేరుగా వెళ్తున్నాం. నా తర్వాత ఈ పని చూడగలిగేలా కోఆర్డినేటర్‌ని ఒప్పందం సమీక్షలకీ దాతల సమావేశాలకీ తీసుకెళ్తున్నాను, ఈసారి ఇన్‌స్పెక్టర్‌తో సమీక్ష తనే నడిపింది. ఆయన ఆ రాత్రి ఫోన్ సంగతి ఎత్తలేదు. పోలీసు వరసల్లో మూడు గడువు దాటాయని తను చెప్తే, ఒకదానికి అక్కడికక్కడే జవాబు రాయించి, మిగతా రెండింటికీ కొత్త గడువు అడిగారు.

విచారణ నివేదిక వచ్చాక మళ్ళీ రాస్తాను.